అక్కమ్మ గారి ఊరగాయలు

డిగ్రీలో ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి రెబెకా మొదట్లో చాలా తంటాలు పడింది. నర్సింగ్ అంటే ఊళ్ళో తెలుసు, టీచర్ ట్రైనింగ్ అంటే తెలుసు, ఇంజనీరింగ్ అంటే తెలుసు. వెబ్ నిర్వహణ, ఆన్‌లైన్ వాణిజ్యం అంటే మాత్రం తుమ్మలవారిపల్లె దళితవాడలో ఒక్కరికీ అర్థం కాలేదు. చర్చి పాస్టరు రెండుసార్లు అడిగి తెలుసుకుని కూడా, ఆదివారం ప్రార్థనలో "కంప్యూటరు చదువు" అని సరిపెట్టేశాడు. ఇంట్లో తల్లి అక్కమ్మ అడిగినప్పుడు రెబెకా కాసేపు ఆలోచించింది.

"అంగడి పెట్టేది నేర్పిస్తారు మా. అంగడి లేకుండా."

అక్కమ్మ నవ్వి, సరేలే, ఎట్లో ఒకట్లా చదువుకో అంది.

చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం దాటాక హైవే దిగి లోపలికి పోతే వస్తుంది వాళ్ళ ఊరు. చుట్టూ ఎటు చూసినా మామిడి తోటలే. దళితవాడ వాళ్ళకు మాత్రం ఒక్క చెట్టూ లేదు. మామిడి కాలం వచ్చిందంటే అక్కమ్మ గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీకి పోయి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి కాయలు కోసేది. తక్కిన రోజుల్లో తోటల్లో కలుపు తీసేది. తండ్రి కుప్పయ్య లారీలకు లోడెత్తేవాడు. రెబెకా ఒక్కతే బిడ్డ. గురుకులంలో చదువుకుంది. తిరుపతి యూనివర్సిటీలో ఈ కోర్సు ఉందని ఫోనులో తనే వెతికి పట్టుకుంది, అప్లికేషన్ తనే పెట్టుకుంది, సీటు వచ్చాక పెట్టె సర్దుకుని బస్సు కూడా తనే ఎక్కింది.

హాస్టల్లో ఆమెకు రూమ్మేటుగా వచ్చిన అమ్మాయి నవీన. చూడగానే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. నవీన తండ్రి వెంకటేశ్వర్లుకు అదే ఊళ్ళో పెద్ద మామిడి తోట ఉంది. అక్కమ్మ ఆ తోటలో ఎన్నోసార్లు పనిచేసింది. చిన్నప్పుడు సెలవుల్లో తల్లి వెంట పోయినప్పుడు రెబెకా వాళ్ళ ఇంటి వెనక గేటు దగ్గరే కూర్చునేది. దాహమైతే పనిమనిషి చెంబు ఎత్తి పోసేది, ఈమె దోసిలి పట్టేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మొదటి వారం మాటలు పొడిపొడిగానే నడిచాయి. తర్వాత మెస్సులో సాంబారు తినలేక ఇద్దరూ విసిగిపోయిన ఒక మధ్యాహ్నం, రెబెకా తన పెట్టెలోంచి ఊరగాయ సీసా తీసింది. అక్కమ్మ పెట్టిన మామిడికాయ ఊరగాయ. పుల్లటి నాటు కాయను టెంకతో సహా కొట్టి, మెంతిపిండి కాస్త ఎక్కువ వేసి, వెల్లుల్లి పొట్టుతోనే కలిపి, గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనె పోసి పెట్టేది ఆమె. చర్చి పండగ భోజనాల్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఆ గిన్నే. నవీన ఒక ముక్క అడిగింది. వేలితో సీసా అంచుకున్న నూనె కూడా తుడిచి తినింది. ఇంకో ముక్క అడిగింది. నెల తిరిగేసరికి సీసా ఇద్దరిదీ అయిపోయింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మనింటి ఊరగాయ పంపించొద్దు, ఇక్కడ దానికంటే మంచిది ఉండాది అని నవీన తల్లితో చెప్పడం రెబెకా తన చెవులతో విన్నది.

ఆ మాట రెబెకా మనసులో చాలాకాలం ఉండిపోయింది. ఒకే సీసాలో చెయ్యి పెట్టి తినే మనిషి ఆ ఇంటినుంచి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఇద్దరూ కలిసి లాబ్‌లో పనిచేసేవాళ్ళు, ఆదివారం సాయంత్రాలు అలిపిరి దాకా నడిచి, కొండెక్కే జనాన్ని చూస్తూ మొక్కజొన్న కంకులు తిని వచ్చేవాళ్ళు. నవీనకు లాప్‌టాప్ ఉంది, రెబెకాకు లేదు. పాస్‌వర్డ్ చెప్పి, నీకెప్పుడు కావాలంటే అప్పుడు వాడుకో అంది నవీన.

వాళ్ళకు ప్రధానమైన సబ్జెక్టు చెప్పేది జయరావు సారు. మెత్తటి మనిషి. మొదటి సంవత్సరంలోనే ఆయన వెబ్‌సైటు యాజమాన్యం గురించి చెప్పాడు. ఇల్లు ఎవరు కట్టినా, ఎవరి పేరు మీద రిజిస్టరైతే వాళ్ళదే అవుతుంది, వెబ్‌సైటు కూడా అంతే, పేరు ఎవరి మెయిలుతో కొన్నారో వాళ్ళే యజమాని అని. రెబెకా ఆ ప్రశ్నకు పరీక్షలో మంచి జవాబు రాసింది.

రెండో సంవత్సరం చివర్లో ప్రాజెక్టు వచ్చింది. ఇద్దరిద్దరు ఒక జట్టుగా, నిజమైన సరుకుతో నిజమైన అంగడి ఆన్‌లైన్లో నడపాలి. చివరి సంవత్సరం పరీక్షలప్పుడు దాన్ని చూపించాలి. ఏం అమ్ముదామని ఆలోచించే పని పడలేదు. మీ అమ్మ ఊరగాయే అంది నవీన, రెబెకా నోరు తెరవకముందే.

ఆ వేసవి రెబెకా జీవితంలో మంచి కాలం. సైటు మొత్తం ఆమే కట్టింది. రంగులు ఎంచుకుంది, ఆర్డరు పేజీ, డబ్బు కట్టే పేజీ కుదిర్చింది, ఫోనులో కూడా తొందరగా తెరుచుకునేలా చేసింది. అంగడికి "అక్కమ్మ గారి ఊరగాయలు" అని పేరు పెట్టింది. తన తల్లి పేరు పక్కన "గారు" అన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ పలికినట్టు ఆమెకు గుర్తులేదు. వెంకటేశ్వర్లు తోటలో పసిపిల్లలు కూడా ఏ అక్కమ్మా అనే పిలిచేవాళ్ళు. తెర మీద ఆ రెండక్షరాలు టైపు చేసినప్పుడు రెబెకా కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

ఫోటోలు ఇంటి ముందే తీసింది. అక్కమ్మ కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతూ, మొగం వద్దు పాపా, కాయలు తీసుకో చాలు అంది. రెబెకా నవ్వి, మొహమూ తీసింది, చేతులూ తీసింది. ఎడమ చేతి బొటనవేలి మీద ఫ్యాక్టరీలో కత్తి దిగిన పాత మచ్చ ఫోటోలో స్పష్టంగా పడింది. ఫోటో కింద తనే రాసింది:

"ఇది మిషన్లో కోసిన ముక్క కాదు. ఒక్కో కాయనూ చేత్తో ఒత్తి చూసి, గట్టిగా పుల్లగా ఉన్నదాన్నే కొట్టే మనిషి అక్కమ్మ గారు. నూనె పైకి తేలేదాకా జాడీ మూత తీయనివ్వరు. ఎట్లా చేస్తారని అడిగితే నవ్వి ఊరుకుంటారు."

నవీన పక్కనుంచి చదివి, ఏడిపించేట్టు రాసినావు కదే అంది.

సైటు పేరు కొనేటప్పుడు కార్డు కావలసి వచ్చింది. రెబెకా దగ్గర అలాంటి కార్డు లేదు. నవీన అన్న కిరణ్ చిత్తూరులో పురుగుమందుల అంగడి నడుపుతాడు, అతను తన కార్డుతో, తన మెయిలుతో కొనిచ్చాడు. తినే సరుకు అమ్మడానికి కావలసిన లైసెన్సు కూడా అతనే తీసుకున్నాడు. జయరావు సారు చెప్పిన పాఠం రెబెకాకు గుర్తొచ్చింది. మెయిలు మన ఇద్దరిదీ పెడదామా అని నవీనను అడిగింది.

"మన మధ్య అదంతా ఏంది రెబెకా? అన్న ఏమన్నా ఎత్తుకుపోతాడా? ప్రాజెక్టు అయిపోతానే నీ పేరుకు మార్పిస్తాలే."

రెబెకా మళ్ళీ అడగలేదు. అడిగితే నమ్మనట్టు అవుతుందని అనిపించింది.

సరుకు కదిలింది. మొదట యూనివర్సిటీ వాళ్ళు కొన్నారు, తర్వాత వాళ్ళ చుట్టాలు, ఆ తర్వాత ముఖం తెలియని జనం. బెంగళూరు నుంచి, మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వచ్చాయి. అక్కమ్మ ఆ ఏడు ఫ్యాక్టరీకి పోవడం మానేసింది. వెంకటేశ్వర్లు తోటలో రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే కడిగి సున్నం కొట్టించారు. వాడలోంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళను అక్కమ్మ పనికి పిలుచుకుంది. ఎవరికి ఏ పని చెప్పాలో, ఏ జాడీ ఎప్పుడు తిప్పాలో అన్నీ ఆమె మాట ప్రకారమే జరిగేవి. సాయంత్రం ఇంటికొచ్చాక రెబెకా ఫోనులో కొన్నవాళ్ళు రాసిన మెచ్చుకోళ్ళు చదివి వినిపించేది. అక్కమ్మ వింటూ వింటూ, ఆ మద్రాసామె ఏమనిందో ఇంకొకసారి సదువు అనేది.

జూలైలో కుప్పయ్య లోడు మీదినుంచి జారి పడ్డాడు. కాలు విరిగింది. ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. కట్టు మారుస్తూ ఉండాలి, మనిషి మంచం దిగకూడదు. అక్కమ్మ షెడ్డు వదిలి రాలేకపోయింది కాబట్టి, రెబెకా క్లాసులు మానుకుని పుత్తూరులో ఒక చుట్టాల ఇంట్లో తండ్రి దగ్గర ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఆమె ఫోనులో మాటలు వినబడేవి గానీ నెట్ సరిగా అందేది కాదు. సైటు నవీన చూసుకుంటుందని నిశ్చింతగా ఉంది. తండ్రిని ఇంటికి చేర్చి, తిరిగి యూనివర్సిటీకి వచ్చేసరికి ఆగస్టు నడుస్తోంది.

హాస్టల్ గదిలో నవీన మంచం ఖాళీగా ఉంది. పరుపు కూడా లేదు. బయట రూము తీసుకుని చిన్నాన్న కూతురితో కలిసి ఉంటోందని వార్డెన్ చెప్పింది. ఫోన్ చేస్తే, చెప్పే సమయం లేకపోయింది రెబెకా, క్లాసులో మాట్లాడదాంలే అని నవీన పెట్టేసింది. రెబెకా లాబ్‌కు పోయి సైటు లోపలికి వెళ్ళబోయింది. పాస్‌వర్డ్ తీసుకోలేదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. పుత్తూరులో ఉండి మరిచిపోయానేమోనని పాతవన్నీ ప్రయత్నించింది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని వచ్చింది.

అప్పుడు కొనడానికి వచ్చిన మనిషిలాగా బయటినుంచి సైటు తెరిచింది. తను ఎంచుకున్న రంగులే. తను కుదిర్చిన పేజీలే. పైన మాత్రం "చంద్రకాంతమ్మ గారి ఊరగాయలు" అని ఉంది.

చంద్రకాంతమ్మ నవీన వాళ్ళ అవ్వ. ముసలామె వంటింట్లోకి పోయి ఏళ్ళయింది. కిందికి జరిపితే కథ కనబడింది. గట్టిగా పుల్లగా ఉన్నదాన్నే కొట్టే మనిషి చంద్రకాంతమ్మ గారు. నూనె పైకి తేలేదాకా జాడీ మూత తీయనివ్వరు. అడిగితే నవ్వి ఊరుకుంటారు. రెబెకా రాసిన మాటలే, ఒక్క అక్షరం పోకుండా. ఒక్క పేరే మారింది. పక్కన ఫోటో కూడా ఆమె తీసిందే. అక్కమ్మ మొహం కోసేసి, చేతులు మాత్రం ఉంచారు. బొటనవేలి మీద ఆ మచ్చ అట్లాగే ఉంది.

రెబెకా ఆ పేజీని పైకీ కిందికీ చాలాసేపు జరుపుతూ కూర్చుంది. వెనక ఎవరో కంప్యూటరు ఖాళీ అవుతుందా అని అడిగితే లేచి బయటికి వచ్చింది.

నవీన ఆ రోజు దొరకలేదు. మర్నాడు సాయంత్రం గేటు బయట టీ అంగడి దగ్గర ఎదురుపడింది. తప్పించుకోవాలని చూసింది గానీ తప్పలేదు. కూర్చుని గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నేలను చూస్తూ చెప్పుకొచ్చింది. చిత్తూరులో కిరణ్‌కు తెలిసిన పెద్ద అంగళ్ళవాళ్ళు సరుకు పెట్టుకుంటామన్నారట. పెట్టుకునేముందు ఈ అక్కమ్మ ఎవరు, ఏ వాడ మనిషి అని అడిగారట. తెలిశాక ఇద్దరు వద్దన్నారట. పెళ్ళిళ్ళకు ఊరగాయ తీసుకునే ఒకాయన ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకున్నాడట. పేరు మార్చేస్తే పోతుందని కిరణ్ అన్నాడట. ఇంట్లో అందరూ సరేనన్నారట.

"నువ్వు?" అంది రెబెకా.

"నేనొక్కదాన్ని ఏం చేసేది? నీకు తెలుసు గదా నేనట్లాంటిదాన్ని కాదని. నేను తినలేదా? మొదటి రోజు నుంచి నీ సీసాలోనే గదా తినింది."

"నువ్వు తినింది నాకు చేసిన మేలని ఇప్పుడు తెలిసింది నవీనా."

నవీన ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదని రెబెకాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. టీకి ఎవరి డబ్బులు వాళ్ళిచ్చి, చెరో వైపు వెళ్ళిపోయారు.

రెబెకా జయరావు సారు దగ్గరికి పోయింది. ఆయన అంతా విన్నాడు. బాధపడ్డాడు కూడా. తర్వాత, పేరు ఎవరి మెయిలుతో కొన్నారో అడిగాడు. కిరణ్ పేరు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, నేను క్లాసులో చెప్పింది ఇదే గదమ్మా అన్నాడు. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే ప్రాజెక్టు పోతుంది, కొత్తది మొదలుపెట్టడానికి వ్యవధి లేదు, ముందు డిగ్రీ చేతికి రానీ అని సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు.

ఇక తల్లికి చెప్పాలి. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక రెబెకా చిత్తూరు దాకా బస్సులో కుమిలిపోయింది. తన మాట నమ్మి అమ్మ ఫ్యాక్టరీ పని వదులుకుంది. అమ్మ పేరు అంగడి మీద ఉందని వాడంతా చెప్పుకుంది. ఇప్పుడు పోయి ఏమని చెప్పేది? ఇంటికి చేరేసరికి కుప్పయ్య మంచం మీద నిద్రపోతున్నాడు. అక్కమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. రెబెకా ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, మెల్లగా మొదలుపెట్టింది. సగంలోనే అక్కమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తెలుసు పాపా."

రెబెకాకు వెంటనే అర్థం కాలేదు.

"కిరణ్ బాబు వచ్చినాడు, మీరు పుత్తూరులో ఉన్నెప్పుడు. పని నీదే, షెడ్డులో పెద్దదానివీ నువ్వే, పేరు మాత్రం మా అవ్వది పెట్టుకుంటామన్నాడు. సరేనన్నా."

"నాకెందుకు చెప్పలేదు మా?"

"సెప్తే నువ్వు ఒప్పుకుంటావా? కొట్లాడతావు. షెడ్డు మూస్తారు. మీ నాయన మంచంలో ఉండాడు, ఫ్యాక్టరీలో నా తావు ఎప్పుడో ఇంకొకరికి పాయ. నాతోపాటు ముగ్గురు ఆడోళ్ళు వచ్చినారు, వాళ్ళను యాడికి పొమ్మనేది?"

రెబెకా లేచి నిలబడింది. నవీన దగ్గర వచ్చిన కోపం వేరు, ఇది వేరు. తను పుత్తూరులో ఉన్నన్ని రోజులూ అమ్మ రోజూ ఫోన్ చేసింది. నాయన అన్నం తిన్నాడా, కట్టు నొప్పి తగ్గిందా అని అడిగింది. సైటు ఎట్లుందని తను అడిగితే బాగుండాది అంది. రోజూ అదే మాట. నీ పేరు తుడిచేస్తే నీకేమీ అనిపించలేదా అని రెబెకా గట్టిగానే అడిగింది. లోపల కుప్పయ్య కదిలిన చప్పుడు వినిపించింది.

అక్కమ్మ కూతురి వైపు చూడకుండానే చెప్పింది.

"మొగం వద్దని నీకు సెప్పినా. పెట్టేటప్పుడు నువ్వూ ఇనలా, తీసేటప్పుడు వాళ్ళూ అడగలా. నేను పెట్టించుకోకుండా ఉంటే, తీసేసినారనే మాట నాకుండేది కాదు. షెడ్డుకు పోతే ఆ ఆడోళ్ళు నన్ను సూసే సూపు నీకు తెలీదు."

ఆ రాత్రి ఇద్దరూ తిన్నారో లేదో ఒకరినొకరు అడగలేదు. తెల్లవారగానే మొదటి బస్సుకు రెబెకా తిరుపతి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో ప్రాజెక్టు చూపించే రోజు వచ్చింది. బయటినుంచి పరంధామయ్య అనే పరీక్షాధికారి వచ్చాడు. నవీన చక్కటి చీర కట్టుకుని, అంగడి ఎట్లా మొదలైంది, జనం ఎక్కడెక్కడినుంచి కొన్నారు అన్నీ తడబడకుండా చెప్పింది. మా అవ్వ చేతి వంట అన్నప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గింది. సైటు కట్టిన పద్ధతి చెప్పడం రెబెకా వంతు. ఆమె అంతా వివరించి, చివరికి ఆ ఫోటో ఉన్న పేజీ తెర మీదికి తెచ్చి ఆపింది. జయరావు సారు వద్దన్నట్టు తల ఊపడం ఆమె చూసింది.

"ఈ చేతులు మా అమ్మవి సార్. ఆమె పేరు అక్కమ్మ. ఈ ఊరగాయ ఆమె పెట్టింది, ఈ మాటలు ఆమె గురించి నేను రాసినవి. మా వాడ పేరు తెలిసి కొందరు సరుకు వద్దన్నారని పేరు మార్చినారు. నాకు చెప్పి మార్చలేదు."

నవీన తల వంచుకుంది. పరంధామయ్య తెర వైపు చూశాడు, ఫోటో చూశాడు, కలం తిప్పుకున్నాడు. తర్వాత అడిగాడు.

"పేరు మార్చాక అమ్మకాలు పెరిగినాయా, తగ్గినాయా?"

నవీన చెప్పింది, పెరిగినాయి సార్ అని. ఆయన ఏదో రాసుకున్నాడు.

ఇద్దరికీ అన్నిటికంటే పై గ్రేడు వచ్చింది. తక్కువ మార్కులు వేసి ఉంటే రెబెకా కొట్లాడేది. ఎవరినో ఒకరిని నిలదీసేది. ఈ గ్రేడుతో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. మంచిగా వచ్చింది గదమ్మా అని జయరావు సారు భుజం తట్టాడు. డిపార్టుమెంటు వాళ్ళు తమ పేజీలో ఆ ప్రాజెక్టును పెట్టారు, చంద్రకాంతమ్మ పేరుతోనే. చూసి ఎవరెవరో అభినందనలు పంపారు. ఆమె ఎవరికీ జవాబు ఇవ్వలేదు.

అలిపిరి పోయే దారిలో ఒక చిన్న ఆఫీసులో ఆమెకు ఉద్యోగం దొరికింది. లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్ళకు, బట్టల అంగళ్ళకు వెబ్‌సైట్లు చూసిపెట్టడం పని. లేడీస్ హాస్టల్లో ఉంటూ, వారానికోసారి తండ్రికి ఫోన్ చేసేది. కుప్పయ్య కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు, లోడెత్తడం ఇక కుదరదని తేలింది. తల్లితో మాట్లాడినప్పుడు వర్షం గురించీ, చర్చి గురించీ మాట్లాడేది. షెడ్డు గురించి అడిగేది కాదు.

జూన్‌లో, కాయలు దండిగా వచ్చే సమయంలో, నవీన ఫోన్ చేసింది. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. కిరణ్ ఎవరితోనో డబ్బు కట్టే పేజీలో ఏదో మార్పించాడట. అప్పటినుంచి ఆర్డర్లు పడటం లేదట. ఆ మనిషి ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదట. కట్టింది నువ్వు కాబట్టి నీకైతే తెలుస్తుంది, కొంచెం చూడు రెబెకా అంది. వేరే ఎవరినైనా పిలిపించుకో అని చెప్పి రెబెకా పెట్టేసింది. మనసుకు చాలా రోజుల తర్వాత కాస్త నెమ్మదిగా అనిపించింది.

రెండు రోజులకు అక్కమ్మ ఫోన్ చేసింది.

"ఆ పిల్ల అడిగితే చెయ్యనన్నావంట. ఆర్డర్లు లేవని నిన్నటి నుంచి పని ఆపినారు పాపా. కొట్టిన కాయ కొట్టినట్టే ఉండాది. ఈడ అందరం ఊరికే కూర్చోనుండాము."

"వాళ్ళ అంగడి మా. వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళకు తోట ఉండాది, మందుల అంగడి ఉండాది. ఆగిపోతే ఆగిపోయేది ఎవురికి?"

రెబెకా ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు నవీనకు మెసేజ్ పెట్టింది. పాస్‌వర్డ్ వెంటనే వచ్చింది. ఏడాది తర్వాత ఆమె ఆ సైటు లోపలికి వెళ్ళింది. చెడింది పెద్దదేమీ కాదు. మార్చినతను ఒకచోట పాత కోడ్ ముక్క తీసేయకుండా వదిలేశాడు. సరిచేసి, తనే ఒక సీసా ఆర్డరు పెట్టి చూసి, అది పడగానే రద్దు చేసింది. పని అయిపోయింది.

బయటికి రాలేదు. సైటు పేరు ఉండే చోటికి పోయింది. అక్కడ చంద్రకాంతమ్మ అని ఉంది. ఆ మాట చెరిపేసి అక్కమ్మ అని కొట్టి, ఒక్క మీట నొక్కితే చాలు. పాత ఫోటో, మొహంతో సహా ఉన్నది, లోపల ఇంకా అట్లాగే పడి ఉంది. ఎవరూ తీసేయలేదు. ఫోటోలో అక్కమ్మ కత్తిపీట ముందు కూర్చుని, తీయొద్దని చెప్తూనే నవ్వుతోంది. రెబెకా ఫోన్ తీసి తల్లికి చేసింది.

"బాగైంది మా. ఇప్పుడు నేను లోపలే ఉన్నా. నీ పేరు పెట్టేదానికి అవుతుంది. పెట్టనా?"

అవతల ఆడవాళ్ళ మాటలు, ఎక్కడో దూరంగా ట్రాక్టరు చప్పుడు. అక్కమ్మ అక్కడినుంచి లేచి పక్కకు వచ్చినట్టుంది, ఆ మాటలు దూరమయ్యాయి.

"పెడితే ఎంతసేపు ఉంటాది?"

"వాళ్ళు చూసేదాకా."

"చూసినాక?"

రెబెకా తెర మీద చంద్రకాంతమ్మ అన్న మాటనే చూసింది.

"వద్దు పాపా," అంది అక్కమ్మ. గొంతులో కోపం లేదు. "ఇంగ బయటికి వచ్చేయ్."

రెబెకా బయటికి వచ్చేసింది. సాయంత్రానికి నవీన దగ్గరినుంచి మెసేజ్ వచ్చింది. నువ్వు లేకపోతే ఏమయ్యేదో, నీ రుణం తీర్చుకోలేను అని. చదివి, జవాబివ్వకుండా ఫోన్ సంచిలో వేసుకుంది. మర్నాడు పొద్దున్నే షెడ్డులో పని మొదలైందని తండ్రి చెప్పాడు.

ఆ మామిడి కాలం అయిపోయాక ఒక ఆదివారం ఆమె ఇంటికి పోయింది. ముగ్గురూ చర్చికి పోయి వచ్చారు. అక్కమ్మ కోడి కూర వండింది. కుప్పయ్య కర్ర లేకుండా వాకిలి దాకా నడిచి చూపించాడు. సాయంత్రం రెబెకా సంచి సర్దుకుంటుంటే, అక్కమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఇంట్లోకని పెట్టిన ఊరగాయ ఉండాది, ఒక సీసా కట్టియ్యనా అని అడిగింది.

"వద్దు మా. హాస్టల్లో పెడతారు."

హాస్టల్లో ఎట్లాంటి తిండి పెడతారో అక్కమ్మకు తెలుసు. బలవంతం చేయలేదు. కూతురి వెంట హైవే దాకా నడిచి వచ్చి, చిత్తూరు బస్సు వచ్చేదాకా నిలబడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ, ఈ ఏడు వానలు తక్కువని మాట్లాడుకున్నారు.